శషసలూ, రెండు పెట్టెలూ

ఛందశ్శాస్త్రంలో శ, ష, స లకు యతిమైత్రి కలదు. ఒకదానికి మరొకటి యతిగా నిలిచినా పద్యానికి లోటు రాదు. చెవికి మాత్రం ఈ మూడూ వేరువేరుగా వినబడి తీరవలె. మా ఇంటి స్పీకరు పెట్టెలు కొన్నేళ్ళుగా ఈ భేదాన్ని మింగివేస్తూ వచ్చాయి. నాకు విద్య గరపిన గురువుగారు 1986లో ఒక సాయంత్రం మా ఇంటి వసారాలో కూర్చుని పద్యాలు చదివితే క్యాసెట్టులో ఎక్కించుకున్నాను. శకార షకారాల నడుమ వెంట్రుకవాసి తేడాను సైతం పలికి చూపిన మహానుభావుడాయన. అట్టివారి నోట "శేషశాయి" అన్న మాట దుప్పటి ముసుగులోనుంచి పలికినట్లు వినవస్తుంటే ఎంతకాలమని ఊరుకోగలను?

అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకరొకటి కొనిపెడతానన్నాడు మా అబ్బాయి. ఆ డబ్బీలపై నాకు ద్వేషం లేదు. వార్తలు వినడానికి భేషుగ్గా ఉంటాయి. కాని ఈ పెట్టెలు వేతన సవరణ బకాయిలతో ముచ్చటపడి కొన్నవి. చెక్క చెక్కు చెదరలేదు. చెడినదల్లా లోపలి ప్రాణమే.

మరలు విప్పి చూస్తే, వూఫరు కాగితపు శంకువును చట్రానికి పట్టి ఉంచే నురగ అంచు వేలు తగలగానే బూజులా రాలిపోయింది. పాలీయూరిథేన్ నురగను గాలిలోని తేమే కొరికివేస్తుంది. వాడినా వాడకున్నా అది పదిహేను, ఇరవై ఏళ్ళకు మించి నిలవడం అరుదు. ఇక ట్వీటర్లలో ఒకటి మూగ, రెండవది నత్తి.

కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి 8 అంగుళాల వూఫరు (ఈసారి రబ్బరు అంచుది), అంగుళం పట్టుగుమ్మటపు ట్వీటరు తెచ్చుకున్నాను. వూఫరు కన్నానికి పట్టినంత మాత్రాన చాలదు, పెట్టెలోని గాలికీ సరిపడాలి. ఏ స్పీకరుకు ఎంత పెట్టె తగునో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల తొలి సంవత్సరాలలో ప్రకటించారు. అంతకుముందు పెట్టెలు చేసినవారు చాలావరకు చేతివాటం మీదనే ఆధారపడేవారు.

నాకు అన్నిటికన్నా ఇంపుగా తోచినది క్రాసోవరు. అది చేసేది అచ్చంగా పదవిభాగమే. తీగచుట్ట మంద్రధ్వనులను పోనిచ్చి తారధ్వనులను అడ్డగిస్తుంది. కెపాసిటరు అందుకు విపర్యయం. రెండూ 8 ఓముల డ్రైవర్లని ఎంచి, 3000 హెర్ట్జ్ దగ్గర సంధి విడదీయదలచి, సెకండ్ ఆర్డర్ పద్ధతిలో లెక్క కడితే చెరొక 0.6 మిల్లీహెన్రీల చుట్ట, చెరొక 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటరు తేలాయి. ఈ పద్ధతిలో ఒక విచిత్రం ఉన్నది. సంధిస్థలంలో రెండు ధ్వనులూ ఎదురుబొదురై ఒకదానినొకటి చంపుకుంటాయి. కనుక ట్వీటరు తీగలను తలక్రిందులుగా కలపాలి. అలంకారికుల విపరీతలక్షణ జ్ఞాపకం వచ్చి నాలో నేను నవ్వుకున్నాను.

లెక్క కాగితం మీదిది. డ్రైవరు నిరోధం ప్రతి ధ్వనికీ 8 ఓములే ఉండదు. చివరి తీర్పు చెవిదే. ఇక్కడే చిక్కు వచ్చింది. వయసు పైబడినకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది తారధ్వనులనే. నాకు అరవై ఏడు. సెలవులకు వచ్చిన పదేళ్ళ మనుమరాలిని న్యాయాధిపతిగా కూర్చోబెట్టాను. ఆ పిల్ల తాను పలికేటప్పుడు శ, ష లను ఏకం చేస్తుంది, వినేటప్పుడు మాత్రం పట్టివేస్తుంది! క్యాసెట్టు మోనో కావడంతో ఒక పెట్టెనే సిద్ధం చేసి, పాతదానితో పోల్చి చూపాను.

"తాతయ్యా, స చెవిలో గుచ్చుకుంటోంది" అన్నది. ట్వీటరు జోరు తగ్గించడానికి ఎల్-ప్యాడ్ అనే రెండు నిరోధకాల జోడీ పెట్టాను. రెండు మూడు మార్పులయ్యాక తల ఊపింది. గురువుగారి శేషశాయి ముసుగు తీసి లేచి కూర్చున్నాడు.

పద్యం ముగిసింది. టేపు ఇంకా తిరుగుతున్నది. "చివర్లో ఎవరివో గాజులు మోగాయి తాతయ్యా" అన్నది పాప.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న ఆడమనిషి నా శ్రీమతి ఒక్కతే. గురువుగారికి కాఫీ తెచ్చింది. 2012లో ఆమె కాలం చేసింది. ఆమె గొంతు ఏ క్యాసెట్టులోనూ లేదు.

వెనక్కి తిప్పి, పెట్టె పక్కనే చతికిలబడి విన్నాను. స్టీలు గ్లాసు నేలకు ఆనిన చప్పుడు స్పష్టంగా తెలిసింది. గాజుల సవ్వడి వినబడినదో, వినబడినదని అనుకున్నానో చెప్పలేను. ఇంకొకసారి విన్నాను. పాప విసుక్కోలేదు, మోగినప్పుడల్లా వేలెత్తి చూపింది.

ఎల్-ప్యాడ్ తీసివేస్తే ట్వీటరు మరికొంత గట్టిగా పలుకుతుంది, నాకూ వినబడవచ్చు. అప్పుడు గురువుగారి సకారాలన్నీ ఈలలవుతాయి. ఆ జోడీని కదల్చలేదు.

రెండవ పెట్టెకు కావలసిన చుట్టలు వచ్చే వారం తెప్పిస్తానన్నాడు దుకాణదారు. పాప సెలవులు ఇంకా పది రోజులున్నాయి.