తూకం రోజు

మాది గిద్దలూరు పక్కన పల్లె. బోర్లు ఎండిపోతే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కాపలా కాసేవాళ్ళం. మా వైపు పిల్లలకు ఇంటర్ కాగానే గుర్తొచ్చేది మిలిటరీయే. నేనూ పోయాను. ఆరడుగుల ఎత్తున్నానని పడవ పందేలకు ఎంపిక చేసి పుణెకు పంపారు. అప్పటిదాకా నేనెరిగిన పడవలంటే కంభం చెరువులో చేపలు పట్టేవాళ్ళవే.

నన్ను లైట్‌వెయిట్‌లో వేశారు. మగవాళ్ళలో ఏ ఒక్కడూ 72.5 కిలోలు దాటకూడదు. ఇద్దరు కూర్చునే పడవైతే సగటు 70 దాటకూడదు. నా జతగాడు 70.6 ఉంటే నేను 69.4కు దిగాలి. అంటే నా కంచంలో ముద్దకు అతనికీ లెక్క చెప్పాలి.

నాలుగున్నరకు లేవగానే తూకం. తెలతెలవారుతుండగా నీళ్ళ మీదికి. పొద్దున పూటే 16 నుంచి 20 కిలోమీటర్లు, నిమిషానికి 18 సార్లు తెడ్డు వేస్తూ. ఇది చేతుల పని అనుకుంటారు గానీ బలమంతా కాళ్ళది. కాళ్ళతో తన్నాలి, నడుము వెనక్కి వాల్చాలి, ఆఖర్న చేతులు లాగాలి. అరచేతుల్లో బొబ్బలు పగిలి కాయలు కాసేవి, ఆ కాయలూ పగిలేవి. అన్నం కలుపుకుంటే కారం మండేది. మధ్యాహ్నం ముందు బరువులెత్తడం, సాయంత్రం ఎర్గోమీటరు, అంటే ఒడ్డునే తెడ్డు లాగే యంత్రం. దాని మీద 2000 మీటర్లు లాగి దిగితే నిలబడలేక నేలమీద పడిపోయేవాళ్ళం.

ఇంత చేసినవాడికి ఆకలి ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. సెలవుకు ఇంటికొస్తే మా అమ్మ సంగటి ముద్ద పెట్టి, నేను సగం తీసి పక్కన పెట్టడం చూసి, "యాందిరా నాయనా, ఆడ కూడు పెట్టడం లేదా, తినడం మరిచిపోయినావా?" అని ఏడ్చింది.

ఆకలికి అలవాటు పడ్డాను. దాహానికి పడలేదు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఒక పోటీకి మూడు రోజుల ముందు నేను 71.2 ఉన్నాను. తిండి తగ్గించే గడువు దాటిపోయింది, మిగిలింది నీళ్ళే. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే చేశాను. రెండు జాకెట్లు వేసుకుని ఎండలో పరిగెత్తాను. నోరు తడుపుకుని ఉమ్మేశాను. ఆఖరి రాత్రి నిద్ర పట్టలేదు, నాలుక అంగిటికి అతుక్కుపోయింది. మా ఊళ్ళో ట్యాంకరు రాని రోజు కూడా అంత దాహం ఎరగను.

తూకం పందేనికి రెండు గంటల లోపు, గంటకు తగ్గకుండా ఉంటుంది. 69.3 చూపించింది. దిగీ దిగగానే ఓఆర్‌ఎస్ నీళ్ళు, రెండు అరటిపళ్ళు గబగబా లోపలికి పంపాను. అవి ఒంటికి పట్టలేదు, కడుపులోనే నిలిచిపోయాయి. 1000 మీటర్ల దాకా రెండో స్థానంలో ఉన్నాం. 1500 దగ్గర కుడి పిక్క పట్టేసింది. తన్నబోతే కాలు రాలేదు. తెడ్డు నీళ్ళలో ఇరుక్కుని పడవ ఒరిగింది. ఆఖర్న చేరాం. జతగాడు ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. అతను సరిగ్గానే తూగాడు, సరిగ్గానే లాగాడు.

2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశపు క్రీడాకారుడు దుష్యంత్ ఒక్కడే లాగే లైట్‌వెయిట్ పడవ పందెంలో కాంస్యం గెలిచి, పతకం ఇచ్చే చోటే ఒంట్లో సత్తువ లేక కూలబడ్డాడు. అది టీవీలో చూసి మావాళ్ళు బిత్తరపోయారు. నాకు మాత్రం వింతగా అనిపించలేదు.

1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న లైట్‌వెయిట్ 2024 పారిస్‌తో ముగిసింది. అయినా తూకం పెట్టే ఆటలు ఇంకా ఉన్నాయి. కుస్తీ ఉంది, బాక్సింగ్ ఉంది. మా వైపు నుంచి ఎవరైనా పిల్లలు వాటిలోకి పోతుంటే ఒక్క మాట: బరువు తగ్గాలంటే నెలల ముందు నుంచి తిండిలో తగ్గించుకోండి. తగ్గకపోతే పై తరగతిలో ఆడండి. నీళ్ళు మాత్రం మానొద్దు.