మా పట్టికలో మిగిలినది

ఈస్టు కణమున సుమారు 6,000 జన్యువులు గలవు. వానిలో కొన్నిటికి ముందుండు డి.ఎన్.ఏ.యందు టీ, జీ, ఏ, సీ, టీ, సీ, ఏ యను అక్షరముల వరుస కానవచ్చును. ఆ జన్యువులు చేయు పని యేదియో తెలిసికొనగోరి మేము ‘గోమో’ యను కంప్యూటరు సాధనము నాశ్రయించితిమి. అది జన్యువుల నన్నిటిని ఆ వరుసతోడి పోలికను బట్టి క్రమముగా నిలిపి, ఒక్కొక్క పనికి జెందిన జన్యువులు పైభాగమున గుమిగూడినవో లేదో పరీక్షించును.

మఱిన్ని ఫలితములు కావలెనను నాసతో మేము క్యూ విలువకుగల హద్దును సడలించి, పీ విలువ 0.05నకు లోబడిన పనులన్నియు నిజములేయని వ్రాసికొని సంతసించితిమి. మా యుపాధ్యాయులవారు పట్టికను జూచి, “నాయనలారా, వేయి పనులను పరీక్షించినచో, సంబంధ మేమియు లేకున్నను సుమారు 50 కాకతాళీయముగా నెగ్గును గదా!” యనిరి. మేము సిగ్గుపడితిమి.

అట్టి కాకతాళీయములను లెక్కలోనికి గొని సవరించిన కొలతయే క్యూ విలువ. దాని ననుసరింపగా మా పట్టికలో పెక్కిటిని కొట్టివేయవలసివచ్చెను. అమైనో ఆమ్లముల నిర్మాణము మాత్రము నిలిచెను. ఆ యామ్లములు కొఱవడినప్పుడు వానిని నిర్మించు జన్యువులను మేల్కొలుపు జీసీఎన్4 యను ప్రోటీను ఈ వరుసనే పట్టుకొనునని ప్రయోగములవలన ముందే తేలియున్నది.

సోదర విద్యార్థులారా! సాధనము దారి చూపును. దాని మాట నమ్ముటకు ముందు ఎన్ని పరీక్షలు జరిగెనో యడుగుడు. పిదప ప్రయోగముచే నిర్ధారించుకొనుడు.