ఎనిమిది మిల్లీమీటర్ల అపచారం

పాత జీపును బతికించుకోవడమంటే తుప్పుతో పోరాడటమేనని నగరాల్లో చాలామంది అనుకుంటారు గానీ, దోర్నపాల్ వంటి చోట ముప్పై ఏళ్లు దాటిన డీజిల్ జీపుకు వెనక ట్రక్కు తగిలించుకొని, ఎరువుల బస్తాలకూ విత్తనాలకూ మోటారు పంపుకూ దాన్నే దిక్కుగా పెట్టుకొని సేద్యం చేసుకునే తెలుగువాడికి అసలు శత్రువు తుప్పు కాదు, తనకంటే ముందు ఆ బండి మీద చెయ్యి వేసినవాడు. తుప్పు తన పని తాను నిదానంగా, దాపరికం లేకుండా చేసుకుపోతుంది. మునుపటి మరమ్మతుదారు మాత్రం అంగుళాల మర ఉన్న రంధ్రంలోకి మిల్లీమీటర్ల బోల్టును పానా వేసి బలవంతంగా ఎక్కించి, పైన ఇంత గ్రీజు పూసి, కూలి పుచ్చుకొని వెళ్లిపోతాడు. అటువంటి ఒక బోల్టు మీద పుట్టిన కోపమే ఈ వ్యాసానికి మూలం.

దోర్నపాల్ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, జగదల్‌పూర్ నుంచి కుంట, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం చేరే జాతీయ రహదారి మీద ఉంది. దగ్గరలోనే శబరి నది, దానికి అవతల ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లా. ఈ ప్రాంతపు దోర్లా ఆదివాసీల మాటలో తెలుగు పలుకుబడి దట్టంగా వినిపిస్తుంది కాబట్టి, వచ్చిన కొత్తలో తెలుగువాడికి ఇది పరాయి నేలగా అనిపించదు. బండి ఆగిన రోజున మాత్రం ఎంత దూరం వచ్చాడో తెలిసివస్తుంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన సల్వాజుడుం ఉద్యమ కాలంలో పెద్ద శిబిరంగా మారి, జగర్‌గుండ వైపు దారి మందుపాతరల భయంతో ఏళ్ల తరబడి మూసుకుపోవడం చూసిన ఊరు ఇది. ఇక్కడివారు ఎవరి పనిముట్టును వారే బాగుచేసుకోవడం నేర్చుకున్నారంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఇంతకూ ఆ బోల్టు చేసిన నేరమేమిటో వివరించాలి. మన జీపుకు మూలం అమెరికాలోని విల్లీస్ జీపు. 1947లో మహీంద్రా సంస్థ దాన్ని విడిభాగాలుగా దిగుమతి చేసుకోవడంతో ఇక్కడ దాని చరిత్ర మొదలైంది. 1956లో చేసిన చట్టంతో దేశం మెట్రిక్ కొలతల దారి పట్టినా, జీపు చట్రం మాత్రం చాలాకాలం పుట్టింటి అంగుళాలను వదలలేదు. తరువాతి రకాలలో కొన్నింటికి ఫ్రాన్సుకు చెందిన ప్యూజో ఇంజనును అమర్చినప్పుడు, పైన మిల్లీమీటర్లూ కింద అంగుళాలూ ఒకే బండిలో కాపురం పెట్టాయి. అంగుళంలో 16కు 5 వంతుల బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. బజారులో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టుకూ దానికీ తేడా వెంట్రుకవాసే. అయితే సన్నమర రకం అంగుళపు బోల్టు మీద ఒక మరకూ తరువాతి మరకూ నడుమ ఎడం 1.06 మిల్లీమీటర్లు ఉంటే, మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టుకు అది 1.25. కనుక ఆ దొంగ బోల్టు మొదటి రెండు చుట్లు బుద్ధిగా తిరిగి, అక్కడి నుంచి రంధ్రంలోని మరలను నమిలివేస్తుంది. పానాల సంగతీ ఇంతే. అరంగుళం తలకు 13 నంబరు పానా కొంచెం వదులుగానైనా పనిచేస్తుంది, ముప్పావు అంగుళానికి 19 సరిపోతుంది. 16కు 9 వంతులైన తల 14.29 మిల్లీమీటర్లు కావడంతో దానికి 14 పట్టదు, 15 జారిపోతుంది. జారిన ప్రతిసారీ ఆరు మూలలూ కొంచెం కొంచెంగా అరిగి చివరికి తల గుండ్రమవుతుంది.

అలా పాడైన బోల్టును ఊడదీయడంలో దోర్నపాల్ కుర్రవాళ్ల నేర్పును మెచ్చుకోకుండా ఉండలేము. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల బోల్టు రంధ్రంలో బిగుసుకుపోతుందని వారు పుస్తకంలో చదవకపోయినా, రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, పొద్దున చుట్టూ వేడిచేసి, పావు చుట్టు ముందుకూ పావు చుట్టు వెనక్కూ ఓపికగా తిప్పుతారు. తల విరిగిపోతే మిగిలిన మొండెం మీద ఒక నట్టు పెట్టి, వెల్డింగ్ చేసి, ఆ వేడి ఆరకముందే పానా వేసి బయటికి లాగుతారు. గ్యాస్కెట్ దొరకకపోతే దళసరి అట్టను ఇంజను అంచు మీద పరచి, చిన్న సుత్తితో తడుతూ, అంచు అచ్చు పడినచోటల్లా కోసి కొత్తది తయారుచేస్తారు. చట్రం అడుగున వాడేసిన ఇంజనాయిలు పూసి తుప్పును మరో వానాకాలం దాకా వాయిదా వేస్తారు. ఇంత పనితనం చూపిన చేతులే, తీసిన బోల్టు స్థానంలో డబ్బాలోంచి చేతికందిన 8 మిల్లీమీటర్లదాన్ని తీసి మళ్లీ అదే రంధ్రంలోకి ఎక్కించబోతాయి. అక్కడే ప్రవాసికి ఒళ్లు మండుతుంది.

అప్పుడు నోటికి వచ్చే మాట విజయవాడ ఆటోనగర్. లారీ ఇంజను మొదలు వాషరు వరకు సమస్తమూ దొరికే ఆ పేటలో అంగుళం బోల్టు అడిగితే మర సన్నమా లావా అని ఎదురు ప్రశ్న వస్తుందనీ, పాడైన మరను ట్యాపు వేసి సరిచేసే మనిషి పక్క కొట్లోనే ఉంటాడనీ, అక్కడ ఇలాంటి అపచారం జరగదనీ దోర్నపాల్‌లో ఉన్న తెలుగువాడు గట్టిగా వాదిస్తాడు. వాదన సగానికి వచ్చేసరికి ఒక ఇబ్బందికరమైన సంగతి గుర్తుకొస్తుంది. ఈ జీపు తెలుగునాటి నుంచి వచ్చినదే. ఆ దొంగ బోల్టు ఏ గట్టున ఎక్కిందో తేల్చడానికి సాక్ష్యం లేదు.

పోలిక అలా చతికిలబడినప్పుడు మనసు మరమ్మతు షెడ్డులను వదిలి కమ్మరి కొలిమి దగ్గరికి వెళుతుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు కమ్మరి చక్రం చుట్టుకొలత తీసుకొని, దానికంటే కొంచెం తక్కువగా పట్టా అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగిన పట్టాను చక్రానికి తొడిగి నీళ్లు కుమ్మరించేవాడు. చల్లారుతూ ముడుచుకున్న ఇనుము ఆకులనూ కుండనూ కరచిపట్టుకునేది. అది ఆ చక్రానికే పుట్టిన పట్టా, మరో చక్రానికి పనికిరాదు. వస్తువును చూసి భాగాన్ని చేసిన కాలం అది. కొలతకు భాగాన్ని చేసి ఏ వస్తువుకైనా అమర్చడం ఆ తరువాతి కాలపు పద్ధతి. పాత జీపు దురదృష్టమంతా రెండు కొలతల నడుమ పుట్టి, చేతికందినదానితో కానిచ్చేవారి పాలపడటమే.

దీన్ని సరిదిద్దగలదని చట్టం మీద ఆశ పెట్టుకోవడం దండగ. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ఈ తనిఖీలలో దీపాలూ పొగా బ్రేకులూ చూస్తారు గానీ బోల్టు మర తీరును అడిగేవారు లేరు. ఇక వానాకాలంలో, 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పటిలా వరద పోటుకు శబరి వెనక్కి తన్ని కుంట, చింతూరు దారి మునిగితే, విజయవాడ నుంచి సరైన బోల్టు వచ్చే మార్గమే ఉండదు. అప్పుడు బండి యజమానికి మిగిలేది తన సామాను పెట్టె ఒక్కటే.

కాబట్టి పాత బండి కొనేవారు అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంటే ముందు ఎవరి చేతుల్లో పడిందో విచారించాలి, అంగుళపు బోల్టుల తలల మీద పసుపు రంగు చుక్క పెట్టుకోవాలి, అంగుళాల పానాలూ ఆ మరకు సరిపడే ట్యాపూ బండిలోనే ఉంచుకోవాలి. కొట్టులో మరొక రకం లేనప్పుడు ఉన్నదాన్ని ఎక్కించిన కుర్రవాడి మీద కోపం న్యాయం కాదని కూడా ఒప్పుకోవచ్చు. సరైన బోల్టును పెట్టెలోంచి తీసి చేతికిచ్చిన తరువాత కూడా దాన్ని పక్కన పడేసి ఎనిమిదిని ఎక్కించేవాడికి మాత్రం మన్నింపు లేదు, వాడు తెలుగువాడైనా సరే.