రాత్రికి మోటెల్లో ఆగితే బోటు సంగతేంటి?

బాస్ చేపల కోసం టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ దాకా బోటు లాక్కెళ్లే మిత్రులకి ఒక మాట. దారిలో మోటెల్లో పడుకునే రాత్రే అసలు గండం.

ట్రైలర్ విప్పి వదిలేస్తే, ఇంకో ట్రక్కువాడు తగిలించుకుపోవడం నిమిషాల పని. నేనైతే విప్పను. విప్పక తప్పకపోతే కప్లర్‌కి తాళం, చక్రానికి క్లాంప్ రెండూ ఉండాల్సిందే. విప్పకపోయినా హిచ్ పిన్‌కి తాళం వెయ్యండి. మామూలు పిన్నయితే లాగేసి బాల్‌మౌంట్‌తో సహా పట్టుకుపోతారు.

వెనక్కి పోనిచ్చి, ఇంజను గోడవైపు వచ్చేలా, లైటు కింద, కెమెరాకి కనబడేలా ఆపండి.

అయినా దొంగకి బోటంతా అక్కర్లేదు. ఫిష్‌ఫైండర్ ఒక్కటి ఊడబీకినా గిట్టుబాటే. దాన్నీ, గాలాల కర్రల్నీ గదిలోకి తెచ్చుకుని, బోటు మీద కవర్ కప్పేయండి.

అన్నట్టు, బోటు వెనక పలక మీద కుడివైపు పైన అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే హల్ నంబరు ఉంటుంది. పోతే పోలీసులూ, ఇన్సూరెన్స్‌వాళ్లూ అడిగేది అదే. బయల్దేరే ముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.