మేకులు కొట్టని షీటు

మాది పాలమూరు వైపు పల్లె. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ పని చేయలేను.

ఆ రోజు మూడో అంతస్తులో స్లాబు కింది జాకీలు, షీట్లు విప్పుతున్నాం. లిఫ్టు కోసం వదిలిన గుంత మీద ఒక ప్లైవుడ్ షీటు పరిచి ఉంది. దానికి మేకులు కొట్టలేదు. చుట్టూ కంచె లేదు, ఎర్ర రిబ్బనైనా లేదు. విప్పిన షీట్లు నేలంతా అలాంటివే పడి ఉన్నాయి. జాకీ భుజాన వేసుకుని గుంత మీది షీటుపై అడుగేశాను. అంచు జారింది. షీటుతో పాటు కిందికి పోయాను. నా ఒంటి మీద సేఫ్టీ బెల్టు ఉంది. దాని కొక్కెం తగిలించడానికి మాత్రం తాడు గానీ, పైపు గానీ ఎక్కడా కట్టలేదు.

స్పృహ పోలేదు. మడమలు పగిలిపోయినంత నొప్పి. తోటివాళ్లు పరుగెత్తుకొచ్చి, ఒకరు చంకల కింద, ఒకరు కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. "కదిలియ్యకుర్రి" అని మా మేస్త్రీ అరుస్తూనే ఉన్నాడు. ఆ కంగారులో ఎవరికీ వినబడలేదు. ఆస్పత్రి చేరేసరికి నడుము కింద స్పర్శ లేదు.

కాళ్ల మీద పడితే ఆ దెబ్బ మడమల నుంచి వెన్నుపూసకు ఎక్కుతుందని డాక్టరు చెప్పాడు. నాకు మడమలు రెండూ, నడుము పూస ఒకటీ విరిగాయి. అలాంటివాణ్ణి కూర్చోబెట్టకూడదు, మెలితిప్పకూడదు. కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. నన్ను ఎత్తినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఈ మాట సైట్లో మాకెవరూ చెప్పలేదు.

తర్వాత మంచమే లోకమైంది. మూత్రానికి గొట్టం. నర్సు దగ్గర నేర్చుకుని నా భార్య రెండు గంటలకోసారి నన్ను పక్కకు తిప్పేది. రాత్రిళ్లు కూడా అలారం పెట్టుకుని లేచేది. అయినా వీపు కింద పుండు పడింది. ఆమె ముందు సిగ్గుతో ఏడ్చాను. "ఊకో, బతికినవ్, చాలు" అనేది.

నేను మంచంలో ఉండగానే కాంట్రాక్టరు మనిషి కాగితం తెచ్చాడు. నా అజాగ్రత్త వల్లే పడ్డానని, ఇచ్చిన డబ్బుతో లెక్క తీరిపోయిందని అందులో రాసి ఉంది. నేను సంతకం పెట్టలేదు. పెట్టినా చెల్లేది కాదని తర్వాత యూనియన్ అన్న చెప్పాడు. నా కేసు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద నడిచింది. హక్కు వదులుకుంటానని కార్మికుడితో రాయించుకున్న కాగితం ఆ చట్టం ముందు చెల్లేది కాదు. ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. గడువు తెలియక నష్టపోయిన కుటుంబాలు మా ఊళ్లోనే ఉన్నాయి.

కట్టడం పనిలో ప్రాణాలు ఎక్కువగా పోయేది ఎత్తు నుంచి పడే. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది. గుంతలకు కప్పు, అంచులకు కంచె ఉండాలని దాని నిబంధనలు చెప్పాయి. మనిషి పడ్డాక మాత్రం అందరూ తలరాత అంటారు. ఆ షీటుకు నాలుగు మేకులు కొట్టి ఉంటే నేను పడేవాణ్ణి కాదు. అవి కొట్టించాల్సిన బాధ్యత సైటు నడిపేవాళ్లది. పనికి వెళ్లే తమ్ముళ్లకు నేను చెప్పేది ఒక్కటే: బెల్టు ఇచ్చినప్పుడు, దాన్ని ఎక్కడ తగిలించాలో చూపించమని అడగండి. చూపించేదాకా పైకి ఎక్కకండి.