ఇంట గెలవని ఇంజనీరు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా విషయంలో ఈ సామెత తలక్రిందులైంది. రోలింగ్ మిల్లులో పెద్ద పెద్ద మోటార్లను, గేర్‌బాక్సులను సరిగా కలిపి నడిపించి నలుగురి మెప్పు పొందిన నేను, మా క్వార్టరు పెరట్లో ఒక పాత అంబాసిడర్ కారు ముందు ఓడిపోయాను. ఆ సంగతి దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు. పదవీ విరమణ దగ్గర పడుతున్న ఈ తరుణంలో, యువ సహోద్యోగులకు ఉపకరించగలదన్న ఆశతో ఇప్పుడు వ్రాస్తున్నాను.

మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుండి 1962లో భిలాయి వచ్చి, కర్మాగారపు మెషిన్ షాపులో టర్నరుగా చేరారు. సోవియట్ సహకారంతో నిర్మితమైన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించి అప్పటికి మూడేళ్ళే అయింది. రష్యన్ నిపుణుల ప్రక్కన నిలబడి, వారి భాష రాకపోయినా వారి చేతులను చూసి నాన్నగారు పని నేర్చుకున్నారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, మిల్లీమీటరులో నూరోవంతు అంటే ఏమిటో ఆయన వేళ్ళకు తెలుసు.

1996లో పదవీ విరమణ చేసిన నాన్నగారు, సెక్టార్ 7లోని నా క్వార్టరులోనే ఉంటూ, చేతికి వచ్చిన డబ్బులో కొంత పెట్టి పాత పెట్రోలు అంబాసిడర్ కొన్నారు. ఇంజన్ అరిగిపోయింది. పెట్రోలు ఖర్చు భరించరానిది. ఆ రోజుల్లో ఎందరో చేసినట్టే, మేమూ మెటడార్ వ్యాన్ నుండి తీసిన డీజిల్ ఇంజన్ ఒకటి సంపాదించాము. ఆర్.టి.ఓ. కార్యాలయపు అనుమతి, రిజిస్ట్రేషన్ పుస్తకంలో క్రొత్త ఇంజన్ నంబరు నమోదు వంటి పనులన్నీ సక్రమంగానే పూర్తి చేశాము.

చిక్కంతా ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలపడంలో వచ్చింది. మెటడార్ ముందు చక్రాల బలంతో నడిచే బండి. అంబాసిడర్ వెనుక చక్రాలతో నడుస్తుంది. కనుక దాని గేర్‌బాక్సు దీనికి పనికిరాదు. అంబాసిడర్ గేర్‌బాక్సునే ఉంచి, రెండింటి నడుమ ఒక ఇనుప ప్లేటు అమర్చాలి. ఆ ప్లేటులో రెండు కొలతలు ప్రాణం వంటివి. మొదటిది మందం. గేర్‌బాక్సు ముందు షాఫ్టు కొస, క్లచ్ ప్లేటు గాడుల గుండా సాగి, క్రాంక్‌షాఫ్టు చివర ఉన్న చిన్న బుష్‌లో తగినంత మేరకు కూర్చోవాలి. రెండవది కేంద్రం. క్రాంక్‌షాఫ్టు, గేర్‌బాక్సు షాఫ్టు ఒకే గీతపై ఉండాలి.

డ్రాయింగు నేనే వేశాను. ప్లేటు కేంద్రాన్ని బోల్టు రంధ్రాల కొలతలను బట్టి నిర్ణయించాను. బోల్టుకు, రంధ్రానికి మధ్య ఎప్పుడూ కొంత సందు ఉంటుందని, దానిని నమ్మి కేంద్రం గుర్తించరాదని పాఠ్యపుస్తకంలో చదివిన మాట ఆనాడు గుర్తు రాలేదు. బిగించే రోజున గేర్‌బాక్సు దాదాపు చివరి వరకు వెళ్ళి, వేలెడు సందు మిగిలి ఆగిపోయింది. నేను నాలుగు వైపులా బోల్టులు ఎక్కించి, స్పానరుతో వంతుల వారీగా బిగిస్తూ దానిని దగ్గరకు లాగసాగాను.

నాన్నగారు ప్రక్కనే నిలబడి చూస్తున్నారు. "ఒరే, గేజీ పెట్టి చూశావా?" అన్నారు.

"ఇదేమైనా రోలింగ్ మిల్లా నాన్నగారూ? కారే కదా" అన్నాను నవ్వుతూ.

"బోల్టు ఉన్నది బిగించడానికి రా, లాక్కురావడానికి కాదు" అన్నారాయన. అంతకు మించి మాట్లాడలేదు. ఇంజనీరు కొడుకు మీద గౌరవం ఆయన నోరు కట్టేసింది.

బండి కదిలింది. అందరూ అభినందించారు. గేరు మార్చినప్పుడల్లా చిన్న గరగర, క్లచ్ వదిలేటప్పుడు వణుకు ఉండేవి. క్రొత్త క్లచ్ సర్దుకోవాలి కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

మూడు వారాల తరువాత, డిసెంబరులో ఒక ఉదయం ఊరి నుండి ఫోను వచ్చింది. నాయనమ్మ పరిస్థితి విషమించిందట, కొడుకును చూడాలని అడుగుతున్నదట. ఇంట్లో కారు ఉండగా రైలు కోసం ఆగడమెందుకన్నది నేనే. రాయపూర్, ధంతరి, కాంకేర్ దాటి, అప్పటి 43వ నంబరు జాతీయ రహదారిపై కేశకాల్ ఘాట్ ఎక్కుతున్నాము. ఒక మలుపులో, మొదటి గేరులో, లోపలి నుండి పటేలుమన్న శబ్దం వినిపించింది. ఇంజన్ చక్కగా తిరుగుతూనే ఉంది. బండి మాత్రం అంగుళం కదలలేదు.

ఒక లారీ డ్రైవరు దయతో ఘాట్ పైకి చేరి, ఆ తరువాత దొరికిన బస్సులు పట్టుకుని, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా మరునాటి సాయంకాలానికి ఊరు చేరాము. అప్పటికి అంతా ముగిసిపోయింది. నాన్నగారు అరుగు మీద చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నా మనసు కొంత తేలికపడేది.

కర్మకాండలు ముగించుకుని భిలాయి తిరిగి వచ్చి, లారీపై కారును తెప్పించి విప్పాము. క్లచ్ ప్లేటు మధ్యనున్న హబ్, రివెట్ల వద్ద తెగి విడిపోయి ఉంది. బుష్ ఒక ప్రక్కకే అరిగిపోయింది. నాన్నగారు డయల్ గేజీని ఫ్లైవీల్‌పై నిలిపి, దాని మొనను ప్లేటు మధ్య రంధ్రపు అంచుకు ఆనించి, ఫ్లైవీల్‌ను నెమ్మదిగా ఒక చుట్టు త్రిప్పారు. ముల్లు మొత్తం 1.2 మి.మీ. తేడా చూపింది. అందులో సగం, అనగా 0.6 మి.మీ., కేంద్రాల మధ్య ఎడం. ఇటువంటి అతుకులో గేజీ చూపే మొత్తం తేడా 0.25 మి.మీ. దాటరాదని సాధారణ నియమం. షాఫ్టు బుష్‌లోకి దూరనన్నది అందుకే. నేను బలవంతాన దూర్చాను. ఆపైన ప్రతి చుట్టుకూ హబ్ ఒకసారి వంగి, మరల నిటారై, చివరకు అలసి తెగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. నాన్నగారు క్రొత్త ప్లేటు తిప్పించారు. బోల్టులు వదులుగా ఉంచి, కొయ్య సుత్తితో ప్లేటును తట్టుతూ, ముల్లు కదలడం దాదాపు మానేవరకు ఓపికగా జరిపారు. అటు తరువాతనే డోవెల్ పిన్నులకు రంధ్రాలు చేసి, పిన్నులు దిగగొట్టి, బోల్టులు బిగించారు. ఈసారి గేర్‌బాక్సు చేతితో నెట్టగానే మెత్తగా వెళ్ళి, ప్లేటుకు ఆనుకుంది. స్పానరు పట్టకముందే సందు లేదు.

"చూశావా, సరిగా ఉంటే అదే వెళ్తుంది" అన్నారు. నాయనమ్మ పోయాక ఆయన నాతో పలికిన మొదటి పొడుగాటి మాట అదే.

ఆ కారు మరి పన్నెండేళ్ళు నడిచింది. నాన్నగారు 2011లో గతించారు. ఆయన డయల్ గేజీ నా వద్దనే ఉంది. మిల్లులో నా క్రింద శిక్షణకు వచ్చే ప్రతి యువకునికి ఒక మాట చెబుతుంటాను: రెండు యంత్రాలు కలవడానికి మొరాయిస్తే, బోల్టుకు బలం పెంచకండి, ఆగి కొలవండి. ఎందుకు చెబుతున్నానో వారికి ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివినవారు ఇక అడగనవసరం లేదు.