ఇల్లు కదులుతుంటే సరుకులెక్కడ?

ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లేనమ్మా అని మా వారు అత్తయ్యగారిని ఒప్పించారు. ఇల్లే, కాదనను. కానీ ఆ ఇంటి ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, నాలుగు కూరలు పెడితే తలుపు పడదు. అత్తయ్యగారి ఇన్సులిన్‌కి కూడా అందులోనే చోటు చూడాలి. లాస్ వేగాస్ నుంచి యూటా, అరిజోనా తిరిగిన పది రోజులూ ఏం చూడాలన్నది ఆయన లెక్క, ఎక్కడ ఆగి కొనాలన్నది నా లెక్క.

కందిపప్పు, సోనామసూరి, పోపుసామాను వేగాస్‌లోనే ఇండియన్ స్టోర్లో కొనేశాను. చెడిపోయేవి కావు, దారిలో దొరికేవీ కావు. కూరలు, పాలు మాత్రం మూడు రోజులకోసారి.

ప్రతి ఊళ్లో వాల్‌మార్ట్ ఉంటుందిలే అంటారు ఈయన. ఉండదు. జయాన్ పార్కుకు ముందు హరికేన్ అనే ఊళ్లో ఉంది. అది దాటి పార్కు గుమ్మంలో ఉన్న స్ప్రింగ్‌డేల్‌కి వెళ్తే చిన్న కొట్లు, గుడి ముందు కొబ్బరికాయ ధరలు. వెనక్కి వెళ్లి రావాలంటే నలభై మైళ్ల పైమాటే. మా బండి గ్యాలన్‌కి పది మైళ్లు కూడా ఇవ్వదు. మిగిలే డబ్బంతా పెట్రోలుకే పోతుంది. ఇంకోటి, ధర కంటే ముందు పార్కింగ్ చూసుకోవాలి. పాతిక అడుగుల బండి లోపలికి వెళ్లాక తిరగకపోతే, చవగ్గా దొరికిన టమాటాలు ఏం చేసుకోను?

మాన్యుమెంట్ వ్యాలీ చూసి కయెంటా చేరేసరికి పెరుగు అయిపోయింది. ఇంకో వంద మైళ్లు వెళ్తే పేజ్‌లో పెద్ద దుకాణాలున్నాయి, అక్కడ కొందాం అన్నారు ఈయన. పన్నెండు దాటింది. అత్తయ్యగారు రెండు రోజులుగా బ్రెడ్డు ముక్క కొరికి పక్కన పెడుతున్నారు. ఇన్సులిన్ వేసుకునే మనిషి. "ఏమండీ, ఇక్కడే ఆపండి," అన్నాను. నా గొంతు విని మారుమాట్లాడలేదు.

అక్కడి బాషాస్ దినే మార్కెట్ పెద్దదేం కాదు. నవాహో నేషన్ మనకు ఒక రాష్ట్రమంత ఉంటుంది గానీ, సరుకుల దుకాణాలు డజనుకు కాస్త అటూ ఇటూనట. అక్కడా ఇంటింటా షుగరే. అందుకే 2015 నుంచి చిప్స్, కూల్‌డ్రింకుల మీద 2 శాతం అదనపు పన్ను వేసి, తాజా కూరలు, పళ్ల మీద వాళ్ల అమ్మకం పన్ను తీసేశారు. ఆ మాట చెబితే అత్తయ్యగారు, "మంచి పని చేశారు," అని ఇంకో క్యాబేజీ తీసుకున్నారు.

పెరుగు అరలో అన్నీ వెనిల్లా, స్ట్రాబెరీ. అడుగున ఒకే ఒక్క ప్లెయిన్ డబ్బా! పక్క వరసలో నీలం పిట్ట బొమ్మతో గుడ్డసంచుల్లో బ్లూ బర్డ్ పిండి. ఫ్రై బ్రెడ్‌కి ఇదే వాడతాం అంది ఓ నవాహో పెద్దావిడ. మన పూరీకి అక్కలాంటిదన్నమాట. ఓ సంచి వేసుకున్నాను.

బండి అక్కడే ఓ మూల పెట్టి అన్నం వండాను. అత్తయ్యగారు పెరుగన్నం గిన్నె ఖాళీ చేసి, "రాత్రికి పూరీలు చెయ్యి. నాకు రెండే," అన్నారు.

పిండి అయిపోయాక ఆ సంచి ఉతికి, మడిచి సూట్‌కేసులో పెట్టుకున్నారు. గుంటూరులో ఇప్పుడు అందులో మినప్పప్పు పోసుకుంటున్నారట.